సబ్బుబిళ్ల మీద బీడీఎస్

కోవిడ్ లాక్‌డౌన్‌లో వద్దన్నా ఆ వాట్సాప్ ఫార్వర్డ్ ఆగలేదు. విశాఖలో ద్వారకానగర్ నుంచి గాజువాక దాకా, పిల్లల్ని బీడీఎస్‌లో చేర్చిన మిత్రులంతా తలా ఒకసారి పంపేశారు. అందులో ఉన్నది ఇంతే: “2020 మార్చి నుంచి డెంటల్ క్లాసులన్నీ ఫోన్‌లోనే అయ్యాయి, పిల్లలు పాసయ్యారు. ఇక కాలేజీ ఎందుకు? చేతిపని ఇంట్లో సబ్బు మీద నేర్చుకోవచ్చు. మత్తింజెక్షన్ వీడియో నాలుగుసార్లు చూస్తే వస్తుంది. విదేశాల్లో అంతా సిమ్యులేటర్లే. ఫీజు సగం చెయ్యాలి.”

పాసవడం సంగతి ఒక్క ముక్కలో తేల్చేద్దాం. ఇంటర్నల్స్‌కి గూగుల్ ఫామ్ పెడితే వచ్చేవి పక్కన తెరిచి ఉన్న పుస్తకం మార్కులు.

సబ్బు. ఫస్టియర్‌లో మైనం దిమ్మ మీద పన్ను ఆకారం చెక్కడం ఇంట్లో కుదురుతుంది, కాదనను. పక్కన స్కేలు పెట్టి, ఐదు వైపుల నుంచీ ఫొటో తీసి పంపితే మేడమ్ తప్పు పట్టగలరు. సెకండియర్‌కి వచ్చాక ఆ ఆట సాగదు. కింది మొదటి దవడ పన్నుకి క్లాస్ టూ కేవిటీ (పక్క పన్నుకి ఆనే వైపు నుంచి నమిలే వైపుకి సాగే గుంత) కొట్టాలంటే లోతు 1.5 నుంచి 2 మిల్లీమీటర్లు, సన్నటి నడుము భాగం కస్పుల (పంటి మొనల) మధ్య దూరంలో నాలుగో వంతు దాటకూడదు. 245 బర్ (డ్రిల్లు ముక్కు) తల పొడవు 3 మిల్లీమీటర్లు, కాబట్టి సగానికి కాస్త పైన దిగాక చెయ్యి ఆగాలి. నిమిషానికి 3 లక్షలకు పైగా తిరిగే ఎయిరోటర్‌తో (గాలితో నడిచే డ్రిల్లుతో), పక్క పన్నుకి గీత పడకుండా. పై పన్నయితే అద్దంలో చూస్తూ. సబ్బుకి పక్క పన్నుందా, చెంప ఉందా, నాలుక ఉందా? నీళ్ల స్ప్రే ఆగితే సబ్బుకేం కాదు, పన్నులో నరం కాలుతుంది.

ఆల్జినేట్ (నీళ్లలో కలిపి పళ్ల అచ్చు తీసే పొడి) కొలత తీయడం కూడా వీడియోలో అద్భుతంగా ఉంటుంది. మే నెలలో మన విశాఖ ట్యాంకు నీళ్లతో కలిపి చూడండి. నీళ్లు 10 డిగ్రీలు వేడెక్కితే గట్టిపడే సమయం సుమారు ఒక నిమిషం తగ్గుతుంది. ట్రే నోటిదాకా వెళ్లేలోపే రబ్బరైపోతుంది.

ఇక ఇంజెక్షన్. ఈ ఒక్క వాక్యం కోసమే ఇదంతా రాయాల్సి వచ్చింది. కింది దవడ నర్వ్ బ్లాక్‌లో (ఆ వైపు నరాన్ని మొద్దుబార్చే మత్తింజెక్షన్‌లో) బొటనవేలితో ఎముక నొక్కు వెతకాలి. అవతలి వైపు ప్రీమోలార్ల (కోరపన్ను వెనకుండే చిన్న దవడపళ్ల) మీదుగా సిరంజి పెట్టి, 20 నుంచి 25 మిల్లీమీటర్లు లోపలికి వెళ్లాక సూదికి ఎముక తగలాలి. సగం సూది కూడా దిగకముందే తగిలితే మొన బాగా ముందుకు పడినట్టు. కాస్త వెనక్కి తీసి, సిరంజిని కోరపన్ను వైపు జరిపి మళ్లీ దింపాలి. అసలు తగలకపోతే మొన వెనక్కి పోయినట్టు, అప్పుడు సిరంజిని మోలార్ల (వెనకటి పెద్ద దవడపళ్ల) వైపు జరపాలి. అలా జరపకుండా మందు వదిలేస్తే అది చెవి ముందుండే పరోటిడ్ లాలాజల గ్రంథిలోకి పోవచ్చు, అప్పుడు ముఖనరం మొద్దుబారి పేషెంటుకి కొన్ని గంటలపాటు కన్ను మూతపడదు. వదిలే ముందు ప్లంజర్ వెనక్కి లాగాలి. నెత్తురొస్తే సూది రక్తనాళంలో ఉన్నట్టు, అక్కడే నొక్కితే మందులోని అడ్రినలిన్‌కి గుండె దడదడలాడుతుంది. తర్వాత 1.5 మిల్లీలీటర్లు, నిమిషం పట్టేలా మెల్లగా. ఎముక తగిలిందన్న సంగతి వేలికి తెలియాలి మహాశయా, స్క్రీన్‌కి కాదు! చెయ్యి తిరిగినవాళ్లకే ఈ బ్లాక్ వందలో 15, 20 సార్లు సరిగా పట్టదని పాఠాల్లోనే ఉంది. నాలుగుసార్లు వీడియో చూసినవాడి సూది కింద కూర్చోవడానికి ఫార్వర్డ్ చేసినవాళ్లలో ఎవరు ముందుకొస్తారో పేరివ్వండి.

అయితే ఒకటి ఒప్పుకోవాలి. డెమో చూడ్డానికి మాత్రం వీడియోనే మేలు. ఒక్క కుర్చీ చుట్టూ నలభైమంది మూగితే ముందున్న నలుగురికే పేషెంటు నోరు కనిపించేది, మిగతావాళ్లకి ముందువాళ్ల తలకాయలు. స్లైడ్లు, ఎక్స్‌రేలు కూడా అంతే, ఆగి, పెద్దవి చేసి, మళ్లీ చూసుకోవచ్చు. కాలేజీలు తెరిచాక కూడా ఈ పద్ధతి వదలకూడదు. మన తీరం పల్లెల్లో అడ్డపొగ (చుట్ట నిప్పు కొస నోట్లో పెట్టుకుని) తాగే ఆడవాళ్ల అంగిట్లో తెల్లటి మందపాటి పొర, ఎర్రటి చుక్కలు ఫొటోలో గుర్తుపట్టొచ్చు. కాకపోతే పుండు అంచు గట్టిగా ఉందా లేదా అన్నది గ్లౌజు వేసుకున్న వేలు చెప్పాల్సిందే, క్యాన్సర్ అనుమానం మొదలయ్యేదే అక్కడ.

సిమ్యులేటర్లా? ఆమ్‌స్టర్‌డామ్ డెంటల్ స్కూల్ వాడే సిమోడాంట్ లాంటివి చేతికి గట్టిదనం తెలిసేలా తయారు చేసిన యంత్రాలు. అవి ఉండేది కాలేజీ ల్యాబులోనే, కుర్రాడి బెడ్‌రూమ్‌లో కాదు. ఇక్కడ క్లినిక్కులు ఆగింది కూడా ఎయిరోటర్ తుంపరలతో కోవిడ్ అంటుతుందన్న భయంతో. చేతిపని అక్కర్లేదని ఎవరూ అనలేదు.

ఫీజు మాటలో మాత్రం న్యాయం ఉంది. అన్నాళ్లు మూసి ఉంచిన ల్యాబుకి, ముట్టని బర్లకి డబ్బెందుకు కట్టాలి? అడగండి, గట్టిగానే అడగండి. దాంతోపాటు పోయిన ఫాంటమ్ హెడ్ (పళ్లు బిగించిన బొమ్మ తల) గంటలు ఎప్పుడు తిరిగిస్తారో, సాయంత్రాలు ల్యాబు తెరుస్తారో లేదో, తెరిస్తే పక్కన నిలబడే ట్యూటర్ ఎవరో కూడా కాగితం మీద రాయించుకోండి.