లైవ్ వస్తోంది సార్, రికార్డింగే లేదు

మన అపార్ట్‌మెంట్లలో మెట్ల కింద, కరెంట్ మీటర్ల పక్కన, తాళం వేసిన ఇనప డబ్బాలో ఒక మహానుభావుడు కాపురం ఉంటాడు. పేరు డీవీఆర్, అంటే సీసీ కెమెరాలు చూసింది రికార్డు చేసే పెట్టె. గాలి ఆడదు, దుమ్ముకి లోటుండదు, ఎండాకాలం చెయ్యి పెడితే కాలుతుంది. ఆయన చేయాల్సిన పని ఒక్కటే, చూసింది గుర్తుపెట్టుకోవడం. ఆ ఒక్కటీ తప్ప అన్నీ చేస్తాడు. పచ్చ లైటు వెలిగిస్తాడు, అర్ధరాత్రి కీచుమంటాడు, మా మెయింటెనెన్స్ డబ్బులు తింటాడు.

మా 302 వాళ్ల అబ్బాయి గేర్ సైకిల్ పోయింది. పోతే పోయింది, కెమెరాలున్నాయిగా అని అందరం దర్జాగా కిందకి దిగాం. ఆ డబ్బా తాళంచెవి పాత ప్రెసిడెంట్ గారి దగ్గరుంది, ఆయనేమో డల్లాస్‌లో కూతురి దగ్గరున్నారు. సరే, సుత్తి తెచ్చి తాళం పగలగొట్టాం (ఇది కెమెరాలో పడలేదు, తర్వాత తెలిసింది). మౌస్ కదిపితే బాణం ఒక మూలకెళ్లి ఇరుక్కుంది. పాస్‌వర్డ్ అడిగింది. టెక్నీషియన్‌కి ఫోన్ చేస్తే "అడ్మిన్ అని కొట్టి ఒకటి నుంచి ఆరు దాకా కొట్టండి సార్" అన్నాడు, అదీ స్పీకర్ ఫోన్‌లో, స్విగ్గీ అబ్బాయి ముందు. మా సెక్యూరిటీ వ్యవస్థకి ఇంత సెక్యూరిటీ ఉందని అప్పటిదాకా నాకు తెలీదు.

స్క్రీన్ వెలిగింది. గేటు కెమెరాలో తెల్లగా, భారీగా, ఎనిమిది కాళ్లతో ఒక ఆకారం ఊగుతోంది. 104 ఆంటీ కెవ్వుమన్నారు. సాలీడు అండీ. చీకట్లో చూడటానికి కెమెరా చుట్టూ ఇన్‌ఫ్రారెడ్ లైట్లుంటాయి, రాత్రిపూట అక్కడికి పురుగులొస్తాయి, పురుగుల కోసం సాలీడొస్తుంది, లెన్స్ ముందు గూడు కడుతుంది, ఆ లైటు దాని మీద పడి స్క్రీన్ అంతా తెల్లబడుతుంది. చీపురుతో ఒక్కసారి దులిపితే పోయే రోగం ఇది. రెండో కెమెరాలో అడ్డగీతలు కింద నుంచి పైకి ఎక్కుతూ ఉన్నాయి. సెల్లార్ కెమెరా, అంటే సైకిల్ ఉన్న చోటు, నల్లగా ఉండి మధ్యలో "వీడియో లాస్" అని రాసుంది. అద్దంలా, హెచ్‌డీలో, వెంట్రుక కూడా కనిపించేంత క్లియర్‌గా ఉన్న కెమెరా ఒక్కటే. అది పక్కింటి గోడ వైపు తిరిగి ఉంది.

ఇక ప్లేబ్యాక్. తేదీ చూస్తే 2000 జనవరి 1. లోపల ఒక రూపాయి బిళ్లంత బటన్ బ్యాటరీ ఉంటుంది, అది చచ్చిపోతే కరెంట్ పోయినప్పుడల్లా గడియారం మళ్లీ మొదటికెళ్తుంది. అయినా 401లో ఉండే రిటైర్డ్ బ్యాంక్ మేనేజర్ గారు ఓడిపోయే రకం కాదు. కాగితం, పెన్ను తెప్పించి, మొన్న కరెంట్ ఎన్నింటికి పోయిందో తేలితే సైకిల్ ఎన్నింటికి పోయిందో తేల్చేస్తానన్నారు. కరెంట్ పోయింది బుధవారమా గురువారమా అని గొడవ మొదలైంది, సీరియల్‌లో కోడలు ఆస్పత్రిలో చేరిన ఎపిసోడ్ మధ్యలో పోయింది కాబట్టి బుధవారమేనని ఆంటీలు తీర్మానించారు, మేనేజర్ గారు దాన్ని సాక్ష్యంగా స్వీకరించి లెక్క వేశారు, లెక్క కుదిరింది కూడా, తీరా ప్లే నొక్కితే స్క్రీన్ మీద గేటు ముందు పెద్ద రథం ముగ్గు. ఎక్కడ చూసినా ముగ్గులు. అంటే చివరిసారి రికార్డయింది సంక్రాంతి. ఇప్పుడు వినాయక చవితి చందాలు రాస్తున్నారు.

సరే, వచ్చిందేదో చూద్దాం, సౌండ్ పెట్టండన్నారు ఎవరో. ముందు గుయ్య్ అని హమ్మింగ్, కరెంట్ వైరూ ఆడియో వైరూ ఒకే పైపులో తోస్తే అదే వస్తుంది మరి. మామూలు కెమెరాల్లో చాలావాటికి మైకే ఉండదు, వాటికి సౌండ్ రావట్లేదని కంప్లైంట్ చేయడం మా సెక్రటరీ గారికి హాబీ. ఉన్నది గేటు దగ్గర ఒక్క మైకు. ఆ హమ్మింగ్ వెనకాల మెల్లగా, స్పష్టంగా, ప్రెసిడెంట్ గారి భార్య ముగ్గుకి ఫస్ట్ ప్రైజ్ ఎలా వచ్చిందో 104 ఆంటీ 203 ఆంటీకి చెప్తున్న వివరాలు వినిపించాయి. ప్రెసిడెంట్ గారి భార్య అక్కడే నిలబడి ఉన్నారు. ఆ తర్వాత సైకిల్ గురించి ఎవరూ మాట్లాడలేదు.

రెండు రోజులకి టెక్నీషియన్ వచ్చి ఆ మహామంత్రం పలికాడు: "ఒకసారి ఆఫ్ చేసి ఆన్ చేశారా సార్?" చేశాం నాయనా. "లైవ్ వస్తోంది సార్, రికార్డింగే లేదు." కెమెరా బొమ్మ స్క్రీన్ మీదకి రావడానికి హార్డ్ డిస్క్ అక్కర్లేదు, దాచడానికి కావాలి, అందుకే డిస్క్ చచ్చినా స్క్రీన్ నిండా బొమ్మలు కదులుతూనే ఉంటాయి. అర్ధరాత్రి కీచుమన్నది అందుకే, డిస్క్ పోయిందని మొత్తుకుంది. నిద్రపట్టట్లేదని మా వాళ్లు సెట్టింగుల్లోకెళ్లి బీప్ ఆఫ్ చేయించారు! రోజంతా రాసే పనికి విడిగా సర్వైలెన్స్ డిస్కులుంటాయి, మాకు పెట్టింది ఎవరిదో పాత కంప్యూటర్‌లోంచి పీకింది. సెల్లార్ కెమెరా పగలు వస్తుంది, రాత్రి పోతుంది. దెయ్యం కాదు. చీకటి పడితే ఇన్‌ఫ్రారెడ్ లైట్లు వెలిగి కరెంట్ ఎక్కువ లాగుతాయి, కెమెరాలకి కరెంట్ అందించే 12 వోల్టుల ఎస్‌ఎంపీఎస్ పెట్టె నీరసించి, సన్నటి పొడుగు వైరులో వోల్టేజ్ పడిపోయి కెమెరా ఆగిపోతుంది. అంటే దొంగ వచ్చే టైముకి సరిగ్గా పడుకుంటుంది.

ఇంతదాకా నవ్వుకున్నాం. ఇప్పుడు నవ్వు రాని సంగతి. సైకిల్ పోయిందని వాచ్‌మన్ జీతంలో రెండు వేలు కోశారు. కెమెరా పనిచేయలేదు కాబట్టి ఆయన తీసుండొచ్చట. "వైరు నువ్వే పీకావా?" అని పిల్లల ముందు అడిగారు. డిస్క్ సంక్రాంతికే పోతే చూసుకోని కమిటీకి ఒక్క రూపాయి కోత లేదు, బీప్ ఆఫ్ చేయించినవాళ్లకి లేదు, పాత డిస్క్ అంటగట్టినవాడికి లేదు. పైగా 302 అంకుల్ "స్టేషన్‌కి పంపితే అన్నీ బయటకొస్తాయి" అన్నారు. ఏ స్టేషన్‌కండీ? అక్కడా కెమెరాలే. ప్రతి పోలీస్ స్టేషన్లో వీడియోతో పాటు ఆడియో, రాత్రి కూడా కనిపించే కెమెరాలు ఉండాలని, వీలైతే 18 నెలలు, తక్కువలో తక్కువ ఏడాది రికార్డింగ్ దాచాలని సుప్రీంకోర్టు 2020 డిసెంబర్ 2న పరమ్‌వీర్ సింగ్ సైనీ కేసులో చెప్పింది. పాడైతే వెంటనే రిపోర్ట్ చేయాల్సిన బాధ్యత ఎస్‌హెచ్‌ఓదే, అంటే ఆ స్టేషన్‌కి ఇన్‌ఛార్జ్ అయిన పోలీసు అధికారిదే అని కూడా రాసింది. ఐదేళ్లు తిరక్కుండా, 2025 సెప్టెంబర్లో, కస్టడీ చావుల మీద పేపర్లో వార్త చూసి, పనిచేయని స్టేషన్ కెమెరాల సంగతి అదే కోర్టు మళ్లీ తనంతట తానే ఎత్తుకోవాల్సి వచ్చింది. వినాయక మండపంలో లడ్డూ ఎవరు ఎత్తుకెళ్లారో మాత్రం అద్దంలా దొరుకుతుంది, లాకప్‌లో ఒక మనిషి చనిపోతే అప్పుడే హార్డ్ డిస్క్ ఫుల్, అప్పుడే కరెంట్ కట్, అప్పుడే టెక్నికల్ ప్రాబ్లం. సిగ్గుండాలి.

పోయిన ఆదివారం మా కమిటీ మీటింగ్ జరిగింది. అజెండా: డీవీఆర్‌లో ఛానెళ్లు ఖాళీగా ఉన్నాయి కాబట్టి ఇంకో నాలుగు కెమెరాలు పెట్టడం. డిస్క్ సంగతి అడిగితే "కెమెరా కనిపిస్తే చాలు సార్, భయం ఉంటుంది" అన్నారు సెక్రటరీ గారు. భయం ఉంది, నిజమే. వాచ్‌మన్ ఒక్కడికే ఉంది. సెక్రటరీ గారూ, ముందు ఆ రెండు వేలు ఆయనకి ఇచ్చెయ్యండి. ఇచ్చాకే చందా అడగండి, అప్పటిదాకా నా వాటా రాదు.