మన గొడవలు కూడా ఆర్కైవ్స్‌కి ఇద్దాం

ఇక్కడ స్కాట్లాండ్‌లో ఉంటున్న మన తెలుగువాళ్ల సంఘం కాగితాలు, పాత పత్రాలు భద్రపరిచే ఆర్కైవ్స్‌కి ఎందుకివ్వాలో చెప్పేముందు ఒక ప్రశ్న. ఇక్కడి పాత సమాధి రాళ్లు ఎప్పుడైనా చదివారా? చాలా వాటిమీద భార్య పేరు పక్కన ఆమె పుట్టింటి ఇంటిపేరే ఉంటుంది. జీవితమంతా మెక్‌డొనాల్డ్ గారి ఇల్లాలుగా గడిపినా, రాతి మీద మాత్రం ఆవిడ ఫ్రేజర్ వారి ఆడపడుచే. ఈ పద్ధతి కాగితాల్లోనూ ఉంది. 1855 జనవరి 1న ఇక్కడ ప్రభుత్వం జనన, మరణ, వివాహాల నమోదు మొదలుపెట్టింది. ఆనాటి నుంచి, ఎనభై ఏళ్ల ముసలాయన పోయినా సరే, ఆయన తల్లి పుట్టింటి పేరు మరణ నమోదులో అడుగుతారు. ఇంగ్లండ్ పాత రిజిస్టర్లలో అయితే పెద్దవాళ్ల మరణం దగ్గర తల్లిదండ్రుల ఊసే ఉండదు.

ఈ ఒక్క వివరం ఎంత పని చేస్తుందో వంశవృక్షాలు వెతికేవాళ్లను అడగాలి. తాత పేరు మనవడికి పెట్టడం మనకెంత అలవాటో వీళ్లకీ అంతే. పెద్ద కొడుక్కి నాన్న తండ్రి పేరు, రెండోవాడికి అమ్మ తండ్రి పేరు, పెద్ద కూతురికి అమ్మమ్మ పేరు. ఫలితంగా ఒకే ఊళ్లో ఒకే ఈడు జాన్‌లు, జేమ్స్‌లు బోలెడంతమంది. ఈశాన్య తీరంలో బకీ లాంటి చేపలవాళ్ల ఊళ్లలో ఇంటిపేర్లు కూడా నాలుగైదే కావడంతో, అధికారిక పత్రాల్లో సైతం మారుపేర్లు రాసుకోవాల్సి వచ్చింది. ఇంత గందరగోళంలో మీ జేమ్స్ ఎవరో తేల్చేది తల్లి ఇంటిపేరే.

నమోదు మొదలైన ఆ మొదటి ఏడాది అధికారులకు ఉత్సాహం మరీ ఎక్కువైంది. 1855 జనన నమోదులో తల్లిదండ్రుల వయసులు, వాళ్లు పుట్టిన ఊళ్లు, పెళ్లి ఎప్పుడు, ఎక్కడ, అంతకుముందు ఎంతమంది పిల్లలు, అందులో ఎందరు పోయారు, అన్నీ రాయాలి. రిజిస్ట్రార్లకు చేతులు పడిపోయినట్టున్నాయి, మరుసటి ఏడాదే చాలా గడులు ఎత్తేశారు. మీరు వెతికే కుటుంబంలో 1855లో ఒక చావో పుట్టుకో ఉంటే పండగే.

అంతకు వెనక్కి వెళ్తే చర్చి పారిష్ (ఒక చర్చి కిందికి వచ్చే ప్రాంతం) రిజిస్టర్లే గతి. వాటిలో అన్నిటికంటే పాతది పెర్త్‌షైర్‌లోని ఎరల్ ఊరిది, 1553 నాటిది. అన్ని ఊళ్లకూ అంత అదృష్టం లేదు. 1783లో ప్రతి నమోదు మీద మూడు పెన్నీల పన్ను వేశారు. అది ఎత్తేసేదాకా, ఓ పదేళ్లకు పైగా, చాలామంది పేదలు నమోదే మానేశారు. ఇలాంటి ఖాళీలు చూసుకోకుండా ఇంటర్నెట్‌లో ఒకరి వంశవృక్షం ఇంకొకరు కాపీ కొట్టేస్తుంటారు, తల్లి కంటే కూతురు ముందు పుట్టిన వృక్షాలు కూడా కనిపిస్తాయి. ప్రభుత్వ రికార్డులుండే స్కాట్లాండ్స్‌పీపుల్ వెబ్‌సైట్‌లో అసలు పేజీ బొమ్మ తెరిచి చదివితే తీరిపోయే తంటా అది.

కానీ పుట్టిన తేదీ, పోయిన తేదీ తెలిసినంత మాత్రాన మనిషి తెలిసినట్టు కాదు. మనుషులు దొరికేది తగాదాల కాగితాల్లో, అర్జీల్లో. ప్రతి పారిష్‌లో పాస్టరు, చర్చి పెద్దలు కలిసి కూర్చునే కిర్క్ సెషన్ అనే సభ ఉండేది, మన రచ్చబండ పంచాయతీ లాంటిది. ఆదివారం పని చేసినవాణ్ని, పక్కింటావిణ్ని తిట్టినావిణ్ని, పెళ్లికాకుండా తల్లైన పిల్లని పిలిచి నిలదీసేవారు. క్రూరమైన వ్యవహారమే. అయినా బాప్టిజం పుస్తకంలో లేని తండ్రి పేరు రెండొందల ఏళ్ల తర్వాత బయటపడేది ఆ మినిట్స్‌లోనే. ఇప్పుడవి ఆన్‌లైన్‌లో ఉచితంగా తిరగేయొచ్చు.

గ్లాస్గో మిచెల్ లైబ్రరీలో ఉన్న పేదల సాయం అర్జీలు చదివితే గుండె బరువెక్కుతుంది. 1845 నాటి పేదల సాయం చట్టం తర్వాత సాయం అడిగినవాళ్ల దగ్గరికి ఇన్‌స్పెక్టర్ వచ్చి పుట్టిన ఊరు, అమ్మానాన్నల పేర్లు, పిల్లల వయసులు, జబ్బు, అంతకుముందున్న ఇళ్ల అడ్రసులు రాసుకునేవాడు. ఎందుకంటే, ఖర్చు ఏ పారిష్ భరించాలో తేల్చాలి. ఐదేళ్లు వరసగా అక్కడే బతికినట్టు చూపిస్తే ఆ పారిష్‌లో హక్కు వచ్చేది. శాశ్వత నివాస వీసా కోసం ఐదేళ్లు లెక్కపెట్టుకున్న మనలో ఈ లెక్క ఎవరికి కొత్త? ఐర్లండ్ నుంచి కట్టుబట్టలతో వచ్చిన కూలీ ఏ పల్లెలో పుట్టాడో చెప్పే కాగితం, చాలాసార్లు, అదొక్కటే.

ఆస్తి ఉన్నవాడు భూమి రిజిస్టర్లలో దొరుకుతాడు, ఏమీ లేనివాడు అర్జీల్లో దొరుకుతాడు. ఉద్యోగం చేసుకుని, లోన్ కట్టుకుని, ఎవరితో పేచీ లేకుండా బతికే మనలాంటివాళ్లు ఎక్కడ దొరుకుతాం? 2022 మార్చిలో నింపిన సెన్సస్ ఫారాలు వందేళ్ల దాకా తెరవరు. తెరిచినా అందులో మనం బతుకమ్మ ఎక్కడ ఆడామో, వినాయకుణ్ణి ఎక్కడ నిమజ్జనం చేశామో ఉండదు.

పేర్ల సంగతి సరేసరి. కొందరి పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీ, కొందరికి అసలు పేరే ఇంటిపేరైంది, భార్యకు భర్త పేరు ఇంటిపేరుగా పడింది. అన్నదమ్ముల పిల్లలు ఇక్కడి రిజిస్టర్‌లో వేర్వేరు వంశాలవాళ్లలా కనబడుతున్నారు. బిడ్డ పుట్టిన 21 రోజుల్లో నమోదుకు వెళ్తాం కదా, అక్కడ తల్లి పుట్టింటి పేరు గడిని తేలిగ్గా తీసుకోకండి. ఆ గడి మన ఆడపిల్లలకు ఈ దేశం ఉచితంగా ఇస్తున్న వరం అని నా అభిప్రాయం.

మన ఊళ్ల చరిత్రలు చెప్పే కైఫీయత్తులు పోగుచేసిన ఈస్ట్ ఇండియా కంపెనీ అధికారి కాలిన్ మెకంజీ ఇక్కడి స్టోర్నవే మనిషి. కావలి బొర్రయ్య, లక్ష్మయ్య సోదరులు ఊరూరా తిరిగి కరణాల దగ్గర చరిత్ర రాయించి తెస్తే ఆయన దాచాడు. దాదాపు అదే కాలంలో ఇక్కడ సర్ జాన్ సింక్లెయిర్ 160కి పైగా ప్రశ్నలు పంపి, 900కు పైగా పారిష్‌ల పాస్టర్ల చేత ఊరి వృత్తాంతాలు రాయించాడు. మన ఊళ్ల కథలు ఓ స్కాట్లాండ్ మనిషి చొరవతో మిగిలాయి. స్కాట్లాండ్‌లో మన కథ మనమే మిగుల్చుకోవాలి.

అందుకే నా ప్రతిపాదన: మన సంఘం పాత కాగితాలు కౌన్సిల్ ఆర్కైవ్స్‌కి ఇద్దాం. సావనీర్లు, ఫొటోలతో పాటు మీటింగుల మినిట్స్, జమాఖర్చులు, ఎన్నికలప్పుడు ఒకరిమీద ఒకరు రాసుకున్న ఫిర్యాదులు కూడా. పరువు పోతుందంటారా? ఇన్నేళ్ల దాకా ఎవరికీ చూపించకూడదని షరతు పెట్టి ఇవ్వొచ్చు, ఆర్కైవ్స్‌కి అది మామూలే. వాట్సాప్‌లో అన్నీ ఉన్నాయిగా అనేవాళ్లు ఐదేళ్ల కిందటి ఉగాది మెసేజ్ ఒకటి తీసి చూపించండి.

వచ్చే సర్వసభ్య సమావేశం అజెండాలో ఈ అంశం చేర్చమని కార్యదర్శి గారికి రాశాను. మొదటి పదేళ్ల రసీదు పుస్తకాలు ఎవరి గ్యారేజీలో ఉన్నాయో ఈలోగా పాత అధ్యక్షులు కాస్త వెతికి పెడితే బాగుంటుంది.