పెరటి పూలు ఏ లెక్కలోకి వస్తాయి?

తుపాను వెలిశాక అంచనాల బృందం రెండే చూస్తుంది: కూలిన ఇల్లు, మునిగిన చేను. ఆ రెంటికీ మధ్య ఉన్న పెరడు ఎవరి రిజిస్టరులోకీ ఎక్కదు.

2025 అక్టోబరు 28 రాత్రి మొంథా తుపాను నరసాపురం దగ్గర తీరం దాటేనాటికి కార్తికం మొదలై వారం కూడా కాలేదు. పూలకు ధర పలికే రోజులవి. పల్లెల్లో ఇంటి వెనక ఐదారు సెంట్లలో చామంతో, కనకాంబరమో వేసుకుని, తెల్లారకముందే కోసి అమ్ముకునే ఆడవాళ్లకు అది నిత్యం చేతిలో ఆడే డబ్బు.

మొంథా నాటి కేంద్ర విపత్తు సాయం నిబంధనల ప్రకారం పాక్షికంగా దెబ్బతిన్న పక్కా ఇంటికి 6,500 రూపాయలు, కచ్చా ఇంటికి 4,000. అదీ కనీసం 15 శాతం దెబ్బతింటేనే. నాలుగు రేకులు లేచిపోతే అది ఎంత శాతమో కొలిచే టేపు ఎవరి దగ్గరుందో మరి!

పంట సంగతి ఇంకో తీరు. అవే నిబంధనల ప్రకారం 33 శాతం, ఆపైన నష్టం ఉంటే నీటి వసతి ఉన్న భూమికి హెక్టారుకు 17,000. పది సెంట్లకు లెక్కేస్తే ఏడు వందలు కూడా రావు. అయితే కమతం ఎంత చిన్నదైనా 2,000కు తగ్గకూడదని ఆ నిబంధనల్లోనే ఉంది. చిక్కల్లా నమోదుతోనే. పంటలను ప్రభుత్వం నమోదు చేసే ఈ-క్రాప్ పద్ధతి సర్వే నంబర్ల మీద నడుస్తుంది. గ్రామకంఠంలోని, అంటే ఊళ్లో ఇళ్లుండే స్థలంలోని పెరటికి విడిగా నంబరు ఎక్కడిది?

పైగా నీళ్లు నిలిచిన మడిలో చామంతి వెంటనే చావదు. ఒకటి రెండు రోజులు పచ్చగానే కనిపిస్తుంది. ఎండ కాశాక తల వాల్చేస్తుంది. పీకి చూస్తే వేరు గోధుమరంగుకు తిరిగి, పట్టుకోగానే తొక్క ఊడి వస్తుంది. ఈలోగా బృందం వచ్చి వెళ్లిపోతే కాగితం మీద ఆ తోటకు ఏమీ కానట్టే.

గ్రామ ఉద్యాన సహాయకులు తుపాన్ల కాలానికి ముందే పెరటి తోటలను ఫొటోలతో, సాగు చేసే మహిళ పేరు మీదే నమోదు చేయాలి. నీరు తీసిన వారానికి రెండోసారి వచ్చి చూడాలి. ఇందుకు కొత్త చట్టం అక్కర్లేదు, ప్రభుత్వం ఒక ఉత్తర్వు ఇస్తే చాలు. వచ్చే అక్టోబరులోపే అది రావాలి.