ముందు మన మైదానం

ప్రపంచ డోపింగ్ నిరోధక సంస్థ (వాడా) 2024 లెక్కలు చూస్తే సిగ్గుతో తలవంచుకోవలసి వస్తోంది. మన క్రీడాకారుల నుంచి సేకరించిన 7,113 నమూనాలను పరీక్షిస్తే 260 నమూనాల్లో నిషిద్ధ ఉత్ప్రేరకాలు బయటపడ్డాయి. భారీగా పరీక్షలు జరిపే దేశాలలో ఇంత అధ్వాన నిష్పత్తి మరెక్కడా లేదు.

ఈ వేళ అంజూ బాబీ జార్జ్‌ను తలచుకోక తప్పదు. 2003లో పారిస్‌లో లాంగ్‌జంప్‌లో 6.70 మీటర్లు దూకి ప్రపంచ అథ్లెటిక్స్‌లో దేశానికి తొలి పతకం తెచ్చిన ఆమె, మరుసటి ఏడాది ఏథెన్స్ ఒలింపిక్స్‌లో 6.83 మీటర్లు దూకి ఆరో స్థానంలో నిలిచారు. రెండే సెంటీమీటర్ల తేడాతో ఆమెకు ముందున్న మారియన్ జోన్స్ ఫలితం డోపింగ్ కారణంగా రద్దు కావడంతో ఐదో స్థానానికి చేరారు. ఏథెన్స్‌లో పతకాలు అందుకున్న రష్యన్లలో లెబెదెవా 2008 బీజింగ్ ఒలింపిక్స్ పతకాలను, కొతోవా 2005 హెల్సింకి ప్రపంచ పోటీల పతకాన్ని డోపింగ్ వల్లే పోగొట్టుకున్నారు. ఏథెన్స్ పతకాలు మాత్రం వారివద్దే ఉన్నాయి. ఏథెన్స్ నమూనాలను తిరగదోడేందుకు నాటి నిబంధనలిచ్చిన 8 ఏళ్ల గడువు 2012తోనే ముగిసిపోయింది. 2005లో మొనాకోలో జరిగిన ప్రపంచ అథ్లెటిక్స్ ఫైనల్‌లో కొతోవా ఫలితం రద్దయి, ఆ స్వర్ణం అంజుకు దక్కడానికి ఎనిమిదేళ్లకు పైగా పట్టింది. అప్పటికి ఆమె పోటీలకు ఎప్పుడో దూరమయ్యారు.

రష్యన్ల మోసాన్ని తలచుకుని ఆగ్రహించే హక్కు మనకుంది. అయితే అదే మోసం మన మైదానాల్లో జరుగుతుంటే నోరు మెదపకపోవడం కపటం కాక మరేమిటి? 2023 సెప్టెంబరులో ఢిల్లీ రాష్ట్ర పోటీల్లో తనిఖీ అధికారులు వచ్చారని తెలియగానే ఇతర క్రీడాకారులు మాయమై, పురుషుల 100 మీటర్ల ఫైనల్‌లో ఒకే ఒక్కడు పరుగెత్తాడు. స్టేడియం మరుగుదొడ్లలో వాడి పారేసిన సిరంజీలు కనిపించాయి. ఆ పోటీల్లో ఉత్ప్రేరకాల జోలికి పోని కుర్రాడికి జరిగింది, ఏథెన్స్‌లో అంజుకు జరిగిన అన్యాయం కన్నా ఏ విధంగా తక్కువ?

పరీక్షలు పెంచినందువల్లే దొరికేవారూ పెరిగారన్నది అధికారుల సమర్థన. చైనాలో 24 వేలకు పైగా నమూనాలను పరీక్షిస్తే దొరికినవి 43 మాత్రమే కనుక ఆ వాదన నిలవదు. పట్టుబడిన క్రీడాకారుడిపై నిషేధం వేసి, సూది అందించిన శిక్షకుడినీ సరఫరాదారునూ వదిలేస్తున్నంతకాలం ఈ లెక్క మారదు. 2036 ఒలింపిక్స్‌ను అహ్మదాబాద్‌కు రప్పిస్తామని ఊరేగుతున్న పెద్దలు, క్రీడా మంత్రిత్వ శాఖ, అథ్లెటిక్స్ సమాఖ్య ముందుగా ఆ సరఫరాదారులను బోనెక్కించాలి. అది చేతకానప్పుడు అంజు పేరు చెప్పి ప్రపంచాన్ని న్యాయం అడిగే అర్హత వారికి లేదు.