ఆర్ యూ హ్యాపీ? వినపడలేదు!

చెన్నైలో స్థిరపడ్డ ప్రతి తెలుగువాడికీ జీతం లేని ఉద్యోగం ఒకటి ఉంటుంది. దాని పేరు లోకల్ గార్డియన్. క్రోంపేటలో ఇల్లు కొనుక్కున్న ఈ 22 ఏళ్ళలో నేను 11 మందికి ఆ హోదాలో సంతకాలు పెట్టాను. పెద్ద అర్హతలేమీ అక్కర్లేదు. రెండు పాస్‌పోర్ట్ సైజు ఫొటోలు, ఒక ఆధార్ జిరాక్సు, ఎవరికి జ్వరమొచ్చినా అర్ధరాత్రి స్కూటర్ తీసే ఓపిక ఉంటే చాలు. ప్రతిఫలంగా ఏటా కాలేజీలు తెరిచే రోజుల్లో మా ఇంటికి ఆవకాయ జాడీలు వస్తాయి. హాస్టల్‌కి చేరేలోపు వాటిలో మూడోవంతు మాయమవుతుంది. దాన్ని నేను సర్వీస్ చార్జీ అంటాను.

పన్నెండోవాడు మా తోడల్లుడి కొడుకు. చీరాల. చెన్నై చివర ఒక పేరున్న ప్రైవేటు యూనివర్సిటీలో చేర్చారు. ఆ పేరు నేను చెప్పను. మీ పిల్లల్ని ఎక్కడ చేర్చారో ఆ పేరు పెట్టుకుని చదువుకోండి, పెద్ద తేడా రాదు.

చేరడానికి వారం ముందు మెసేజ్ వచ్చింది, ‘ఇండక్షన్‌కి తల్లిదండ్రులతో సహా తప్పనిసరిగా హాజరు కావాలి’ అని. అంటే కొత్త పిల్లలకి కాలేజీని పరిచయం చేసే కార్యక్రమం. మా మరదలు మాత్రం ఇండక్షన్ అన్న మాట దగ్గర ఆగిపోయింది. పిల్లలు రూములో కాస్త పాలు కాచుకోవడానికి కూడా ఒప్పుకున్నారంటే ఎంత మంచివాళ్ళో అనుకుని, కొత్త ఇండక్షన్ స్టవ్ ఒకటి, దానికి సరిపడే అడుగు మందం గిన్నె ఒకటి కొని సర్దింది. తెల్లవారుజామున రైలు దిగి, నన్ను ఎక్కించుకుని, గేటు దగ్గరికి వెళ్ళేసరికి సెక్యూరిటీ వాళ్ళు సామాను విప్పారు. ‘ఇండక్షన్ నాట్ అలౌడ్’ అన్నాడు ఒకతను. ఆమె ఫోన్ తీసి మెసేజ్ చూపించింది. అతను చదివాడు. ‘ఎస్ మేడమ్, ఇండక్షన్ కంపల్సరీ’ అన్నాడు. స్టవ్ లాక్కుని రిజిస్టర్‌లో ‘ఇండక్షన్ – 1’ అని రాసి రసీదు ఇచ్చాడు. ఆ రోజు ఆ క్యాంపస్‌లో ఎవరైనా ఎవరికైనా అర్థమయ్యేలా రాసిచ్చిన కాగితం అదొక్కటే. అందుకే భద్రంగా దాచాను.

లోపల ఆడిటోరియం. సినిమా హాలు సిగ్గుపడేంత ఏసీ. సభ మొదట్లో తమిళనాడు రాష్ట్ర గీతం పాడారు. 2021 డిసెంబర్‌లో ప్రభుత్వం ఉత్తర్వు ఇస్తూ దాన్ని 55 సెకన్లలో పాడాలని కూడా చెప్పింది. చెప్పిన టైముకి మొదలై చెప్పిన టైముకి ముగిసిన కార్యక్రమం మళ్ళీ సాయంత్రందాకా నేను చూడలేదు.

తర్వాత శాలువాలు. వేదిక మీద 14 మంది. ఒక్కొక్కరికీ ఒక శాలువా, ఒక మెమెంటో, ఒక కుండీలో మొక్క, ఒక ఫొటో. ఫొటో సరిగ్గా రాకపోతే శాలువా విప్పి మళ్ళీ కప్పడం. కొత్తగా చేరిన పిల్లలకి స్వాగతం అని వెనక బ్యానర్ మీద ఉంది కానీ, స్వాగతం అందుకుంటున్నవాళ్ళు గత 20 ఏళ్ళుగా ఆ క్యాంపస్‌లోనే ఉంటున్నవాళ్ళు. కొత్తవాళ్ళ పని చప్పట్లు. మొక్కలు కూడా పాతవే అని నా అనుమానం, కుండీల మీద క్రితం సంవత్సరం తేదీ ఉంది.

అప్పుడు వచ్చాడండీ యాంకర్.

‘గుడ్ మార్నింగ్!’ అన్నాడు. పిల్లలు గుడ్ మార్నింగ్ అన్నారు. ‘వినపడలేదు!’ అన్నాడు. ఇంకొంచెం గట్టిగా అన్నారు. ‘బ్రేక్‌ఫాస్ట్ తినలేదా?’ అన్నాడు. నిజానికి తినలేదు. ఆరింటికి బయల్దేరి, ఐదు కౌంటర్ల దగ్గర నిలబడి వచ్చినవాళ్ళు వాళ్ళు. కానీ అతను అడిగింది తెలుసుకోవడానికి కాదు కదా. మూడోసారి అరిచాక అతని చెవులు బాగయ్యాయి. ‘ఆర్ యూ హ్యాపీ?’ అన్నాడు. మళ్ళీ చెవుడు వచ్చింది. హాల్లో సగం మంది మనవాళ్ళేనని ఎవరో చెప్పినట్టున్నారు, ‘బాగున్నారా?’ అన్నాడు. ఈలలు. ఇంత పెద్ద యూనివర్సిటీ ఆ రోజంతా మన పిల్లలతో తెలుగులో మాట్లాడింది ఆ ఒక్క మాటే. జవాబు కోసం ఆగలేదు.

‘ఇప్పుడు ఐస్ బ్రేక్ చేద్దాం, కొత్త, బిడియం పోవాలి. తల్లిదండ్రులు కూడా! లేవండి! కుడివైపు తిరగండి! ముందున్నవారి భుజాలు నొక్కండి!’

మా తోడల్లుడు చీరాలలో నూలు వ్యాపారం చేస్తాడు. పెళ్ళిలో తలంబ్రాలప్పుడు తప్ప ఎవరి మీదా చెయ్యి వేసి ఎరగడు. అతని ముందు సేలం నుంచి వచ్చిన ఒక పెద్దాయన, తెల్ల పంచె, తెల్ల చొక్కా, జేబులో నాలుగు పెన్నులు. ‘అన్నయ్యగారూ, నిజంగా నొక్కాలా?’ అని నా వంక చూశాడు. వెనక నుంచి ఎవరో నా భుజాలు నొక్కుతున్నారు, నేనేం చెప్పను? నొక్కాడు. ఆయన ఉలిక్కిపడి ‘సారీ సార్’ అన్నాడు. ఇతను ‘సారీ సార్’ అన్నాడు. ‘ఇంకా గట్టిగా!’ అని మైకులో కేక. ‘ఇప్పుడు ఎడమవైపు!’ అందరూ తిరిగారు. ఇప్పుడు సేలం పెద్దాయన మా తోడల్లుడి భుజాలు నొక్కాలి. పాపం ఆయన రెండు వేళ్ళతో, బట్టల కొట్లో పంచె నాణ్యత చూస్తున్నట్టు, చొక్కా అంచు పట్టుకున్నాడు. ‘సారీ సార్.’ ‘సారీ సార్.’ ఒకరికి తమిళం తప్ప రాదు, ఇంకొకరికి తెలుగు తప్ప రాదు, ఇద్దరికీ క్షమాపణ మాత్రం ఇంగ్లీషులో వచ్చు. తర్వాత ముందున్నవారి వీపు మీద వేలితో పేరు రాయమన్నాడు. రాశారు. స్పెల్లింగ్ తప్పు పోయిందేమో, మా తోడల్లుడు చేత్తో తుడిచి మళ్ళీ రాశాడు.

దీనంతటికీ కేంద్రంలో పెద్ద పేర్లే ఉన్నాయి. మూడు వారాల స్టూడెంట్ ఇండక్షన్ అని సాంకేతిక విద్యని చూసే ఏఐసీటీఈ చెప్పింది. 2019లో యూనివర్సిటీల మీద అజమాయిషీ చేసే యూజీసీ ‘దీక్షారంభ్’ అని మార్గదర్శిని వేసింది. కొత్త చోట పిల్లవాడు కుదురుకోవాలి, తోటివాళ్ళతో, మాస్టార్లతో పరిచయం పెరగాలి, ఇల్లు వదిలొచ్చిన బెంగ తీరాలి అన్నది వాళ్ళ ఉద్దేశం. మన దగ్గర మూడు వారాలు ఎలా గడిచాయంటే మొదటిరోజు శాలువాలు, రెండోరోజు ప్లేస్‌మెంట్ ప్యాకేజీల గురించి ప్రసంగం, మూడోరోజు ఏఐ గురించి ప్రసంగం, నాలుగోరోజు నుంచి క్లాసులు. మిగతా రెండున్నర వారాలూ కాగితం మీద జరుగుతున్నాయి.

మధ్యాహ్నం భోజనం కూపన్. కూపన్ కావాలంటే ఫీడ్‌బ్యాక్ ఫారం నింపాలి. ఫారం కావాలంటే క్యూఆర్ కోడ్ స్కాన్ చెయ్యాలి. ఆ హాల్లో సిగ్నల్ లేదు, క్యాంపస్ వైఫై కావాలి. వైఫైకి రిజిస్టర్ నంబరు కావాలి. రిజిస్టర్ నంబరు భోజనం తర్వాత ఇస్తారు. మావాడు ఇంటర్‌లో లెక్కలకి 150కి 150 తెచ్చుకున్నవాడు. కాసేపు ఆలోచించి, ‘పెదనాన్నా, దీనికి సొల్యూషన్ లేదు’ అన్నాడు. చివరికి గేటు బయటికి వెళ్ళి, సిగ్నల్ పట్టుకుని, నింపి, స్క్రీన్‌షాట్ తీసుకుని వచ్చాం. అందులో తొమ్మిదో ప్రశ్న: క్యాంపస్ జీవితంలో మీరు ఎంత బాగా కుదురుకున్నారు? అప్పుడు టైము ఒంటిగంటన్నర. బకెట్టు, మగ్గు, పరుపు ఇంకా కారు డిక్కీలో ఉన్నాయి. ఆప్షన్లలో చాలా బాగా, బాగా అని రెండే ఉన్నాయి. మావాడు ‘బాగా’ నొక్కాడు. మాకు అన్నం పెట్టారు.

మన తాతల కాలంలో 1926లో ఆంధ్ర విశ్వవిద్యాలయం వచ్చేదాకా కోస్తా వాళ్ళకి డిగ్రీ అంటే మద్రాసు విశ్వవిద్యాలయమే. ట్రంకుపెట్టె నెత్తిన పెట్టుకుని సెంట్రల్‌లో దిగినవాడి భుజాలు ఎవరూ నొక్కలేదు. కానీ ఏ వీధిలో ఏ చుట్టం ఉన్నాడో, ఎవరి అరుగు మీద పడుకోవచ్చో ఎవరో ఒకరు చెప్పి పంపేవారు. ఇప్పుడు చెప్పడానికి యాప్ ఉంది. యాప్‌లో మెంటార్ ఉన్నాడు. 62 మంది పిల్లలకి ఒక లెక్చరర్, ఒక వాట్సాప్ గ్రూపు. మావాడు రెండో రాత్రి అందులో ఒక ప్రశ్న అడగబోతే కింద ఒక వాక్యం కనపడింది: అడ్మిన్లు మాత్రమే మెసేజ్‌లు పంపగలరు.

ఆ ప్రశ్న ఏమిటంటే, ‘సర్, సబ్బు నురగ రావడం లేదు.’ బోరు నీళ్ళు. ఉప్పు. మూడో సంవత్సరం చదివే అనంతపురం అబ్బాయి ఒకడు గేటు బయట జ్యూస్ కొట్టు దగ్గర చెప్పాడట, ‘తమ్ముడూ, తాగే నీళ్ళు ఒక సీసాడు తెచ్చి చివర తల మీద పోసుకో, జిడ్డు పోతుంది. బకెట్టు రాత్రే నింపి పెట్టుకో, పొద్దున ఏడు దాటితే కుళాయి గాలి కొడుతుంది’ అని. ఇంకో మాట కూడా చెప్పాడు, అది లక్ష రూపాయలు చేస్తుంది. మెస్‌లో వడ్డించే అన్న సాంబారు పోస్తూ ‘పోదుమా?’ అంటే ‘పోదామా?’ అని కాదు, ‘చాలా?’ అని. మావాడు రెండు రోజులు ఆ మాట వినగానే కంచం పట్టుకుని బుద్ధిగా వెళ్ళిపోతున్నాడు. 42 పేజీల వెల్‌కమ్ బుక్‌లెట్‌లో ఈ మూడు మాటలూ లేవు. చైర్మన్ గారి ఫొటోలు తొమ్మిది ఉన్నాయి. ఆ అనంతపురం అబ్బాయికి ఎవరూ శాలువా కప్పలేదు.

నవ్వుకున్నాం, బానే ఉంది. ఆ మధ్యాహ్నం ‘వెల్‌నెస్ సెంటర్’ అన్న బోర్డు కనపడితే చూద్దామని వెళ్ళాను. పది నుంచి నాలుగు వరకు అని రాసి ఉంది. క్లాసులు కూడా పది నుంచి నాలుగు వరకే. మనసు బాలేదని ఇక్కడికి వస్తే అటెండెన్స్ పోతుంది, 75 శాతం లేకపోతే పరీక్ష రాయనివ్వరు. తలుపుకి తాళం. అద్దంలోంచి చూస్తే కౌన్సెలర్ కుర్చీలో అట్టపెట్టెలు. మెమెంటోలు.

అక్కడ నాకు నవ్వు రాలేదు. ఈ పిల్లలు ఎక్కణ్ణుంచి వస్తున్నారో వీళ్ళకి తెలీదా? రెండేళ్ళు కార్పొరేట్ కాలేజీ హాస్టల్లో పొద్దున ఐదింటికి లేపి, రాత్రి పదిన్నరకి లైట్లు ఆర్పి, ఎప్పుడు స్నానం చెయ్యాలో, ఎప్పుడు అమ్మతో మాట్లాడాలో గంట కొట్టి చెప్పి పెంచిన పిల్లలు. బస్సు టికెట్టు సొంతంగా కొనని పిల్లలు. వాళ్ళని తెచ్చి, భాష రాని ఊళ్ళో, ముగ్గురు కొత్తవాళ్ళున్న గదిలో పడేసి, ‘యూ ఆర్ అడల్ట్స్ నౌ’ అంటారా? ఫీజు కట్టించుకునేటప్పుడు గుర్తురాలేదా అడల్ట్ అని? అప్పుడు నాన్న ఫోన్ నంబరు ఎందుకు?

2009లో యూజీసీ ర్యాగింగ్ నివారణ నిబంధనలు తెచ్చింది. కొత్త పిల్లల్ని చిన్న గుంపులుగా చేసి, ఒక్కో గుంపుని ఒక మాస్టారికి అప్పగించాలని, ఆ మాస్టారు ప్రతి పిల్లవాడితో రోజూ విడిగా మాట్లాడి కష్టసుఖాలు కనుక్కోవాలని అందులో రాసి ఉంది. రోజూ. కష్టమొస్తే ఎవరి దగ్గరికి వెళ్ళాలో అచ్చు వేసిన కాగితం చేతికివ్వాలని కూడా రాసి ఉంది. తోచక రాసిన రూల్స్ కావివి. 1996లో ఇదే తమిళనాడులో మొదటి సంవత్సరం వైద్య విద్యార్థి నావరసుని ఒక సీనియర్ చంపాడు, 1997లో ఇక్కడ చట్టం వచ్చింది. 2009 మార్చిలో హిమాచల్‌లో ర్యాగింగ్ వల్ల వైద్య విద్యార్థి అమన్ కచ్రూ చనిపోయాడు, ఆ నిబంధనలు వచ్చాయి. విశాఖలో నీట్ కోచింగ్ తీసుకుంటూ చనిపోయిన అమ్మాయి తండ్రి కోర్టుకెక్కితే, 2025 జూలైలో సుప్రీంకోర్టు, 100 మంది, అంతకు మించి విద్యార్థులున్న ప్రతి చోటా కనీసం ఒక శిక్షణ పొందిన కౌన్సెలర్ ఉండాలంది. ఒక్కో రూలుకీ ఒక్కో ఇంట్లో దండేసిన ఫొటో ఉంది. ఆ రూలు కూర్చోవాల్సిన కుర్చీలో మీరు మెమెంటోలు పెట్టారు.

ఆ మాటే ఆఫీసులో ఒకాయన్ని అడిగాను. ఆయన చాలా మర్యాదగా, ‘సార్, మీ అభిప్రాయం ఫీడ్‌బ్యాక్ ఫారంలో రాయండి’ అన్నాడు. నింపేశానన్నాను. ‘అయితే మరి మీరు బాగా అనే రాసుంటారు కదా’ అన్నాడు.

సేలం పెద్దాయన ఫోన్ చేశాడు, మా తోడల్లుడికి. ఇతను కాన్ఫరెన్స్‌లో నన్ను కలిపాడు, అనువాదానికి. వాళ్ళబ్బాయి మూడు రోజులుగా సరిగ్గా తినడం లేదట, మావాణ్ణి ఒకసారి చూడమనగలరా అని. ఆయన సంకోచంలో ఇంకా ఆ ‘సారీ సార్’ ఉంది. మావాడు ఆ రాత్రే కందిపొడి డబ్బా పట్టుకుని వెళ్ళాడు. మూడు కోట్ల ఆడిటోరియంలో జరిగిన ఐస్ బ్రేకింగ్‌లో నికరంగా విరిగింది ఇదొక్కటే. యాంకర్ గారికి ఆ మేరకు కృతజ్ఞతలు.

నిన్న రాత్రి పదకొండింటికి మావాడి నుంచి మెసేజ్. ఇండక్షన్ ప్రోగ్రామ్ పూర్తి చేసి క్యాంపస్ జీవితంలో విజయవంతంగా కుదురుకున్నట్టు యూనివర్సిటీ వాడికి సర్టిఫికెట్ పంపిందట. బంగారు రంగు అంచు, మూడు సంతకాలు, తేదీ మాత్రం చేరిన రోజుదే. దాని కింద వాడే టైప్ చేశాడు: ‘పెదనాన్నా, డాబా మీద ఆరేసిన బట్టలు ఎవరో తీసుకుపోయారు. ఎవరికి చెప్పాలి?’

రెండు తువ్వాళ్ళు, నాలుగు బనియన్లు కొని పెట్టాను. ఆదివారం వెళ్తాను. రసీదు కూడా జేబులో పెట్టుకున్నాను, గేటు దగ్గర మన ఇండక్షన్ ఒకటి ఉండిపోయింది.