‘గెట్’ లిస్టు బట్టీ కొడితే ఇంగ్లీష్ వచ్చేస్తుందా?

‘గెట్’ అంటే అసలు అర్థం పొందడం ఒక్కటే, మిగతావన్నీ స్లాంగ్, ఈ లిస్టు బట్టీ కొట్టేస్తే ఇక వేరే క్రియలతో పనే లేదు... ఈ పోస్టు ఎంతమంది షేర్ చేశారో! కింద గెట్ అర్థాలతో చాంతాడంత లిస్టు.

ముందు ఆ స్లాంగ్ గొడవ. ‘గెట్ టైర్డ్’, ‘గెట్ టు ద స్టేషన్’ లాంటివి వందల ఏళ్లుగా ఉన్న మామూలు ఇంగ్లీషే, స్లాంగ్ ఏమీ కాదు.

ఇక బట్టీ సంగతి. లిస్టులో అర్థాలైతే ఉన్నాయి గానీ ఏది ఎప్పుడు వస్తుందో లేదు, అసలు కావాల్సింది అదే కదా. గెట్ పక్కన ఏముందో చూస్తే చాలావరకు తేలిపోతుంది: వస్తువు ఉంటే దొరకడమో తెచ్చుకోవడమో, ‘యాంగ్రీ’ లాంటి విశేషణం ఉంటే ఆ స్థితికి రావడం, చోటు పేరు ఉంటే అక్కడికి చేరడం. మనం నిద్ర పట్టింది, తుప్పు పట్టింది, గంట పట్టింది అంటాం, ‘పట్టు’కి లిస్టు రాసుకుని నేర్చుకున్నామా? ‘గెట్ ఓవర్’ (తేరుకోవడం), ‘గెట్ అవే విత్’ (తప్పు చేసి తప్పించుకోవడం) లాంటివి మాత్రం విడిగా నేర్చుకోవాల్సిందే, ఒప్పుకుంటాను.

వేరే క్రియలతో పనే లేదట! ‘షీ బికేమ్ ఎ డాక్టర్’ అంటే ఆమె డాక్టరైంది. అందులో బికేమ్ తీసేసి గాట్ పెట్టి చూడండి, ‘షీ గాట్ ఎ డాక్టర్’, ఆమె ఎవరో డాక్టర్ని పిలుచుకొచ్చిందని అర్థం. కోపం రావడానికి పనికొచ్చిన గెట్, డాక్టర్ అవడానికి పనికిరాదు.

ఆ లిస్టులో కనబడనిదీ, మనవాళ్లు రోజూ తడబడేదీ ఇంకోటుంది. సెలూన్‌కి వెళ్లొచ్చి ‘ఐ కట్ మై హెయిర్’ అంటారు, వినేవాళ్లకి మీరే కత్తెర పట్టుకుని కత్తిరించుకున్నట్టు వినబడుతుంది. ‘ఐ గాట్ మై హెయిర్ కట్’ అనాలి. చేసుకున్నాను, చేయించుకున్నాను అని తెలుగులో మనం ఎంత తేలిగ్గా తేడా చూపిస్తామో, ఆ ‘చేయించుకోవడం’ అనే పని ఇక్కడ గెట్ చేస్తోంది: ముందు వస్తువు, తర్వాత క్రియ మూడో రూపం. ఫోన్ రిపేర్ చేయించుకున్నా ఇదే, ‘ఐ గాట్ మై ఫోన్ రిపేర్డ్’.

గెట్‌కి మూడో రూపంగా ‘గాటెన్’ అనడం తప్పు అన్నది కూడా ఆ పోస్టులో ఉంది. బ్రిటన్‌లో పెద్దగా వాడరు, నిజమే, కానీ అమెరికాలో అది మామూలు మాట, పైగా అక్కడ ‘ఐ హావ్ గాట్’ అంటే నా దగ్గర ఉంది, ‘ఐ హావ్ గాటెన్’ అంటే సంపాదించాను లేదా అలా అయ్యాను. ‘ఫర్గాటెన్’ అని అందరూ నిక్షేపంగా వాడుతున్నప్పుడు దీని మీదే ఎందుకో ఇంత అనుమానం.

ఆఫీసు లెటర్లలో గెట్ తగ్గించండి అని ఆ పోస్టులో ఉన్నది మాత్రం మంచి సలహానే. ‘ఐ గాట్ యువర్ లెటర్’ తప్పు కాదు, కాకపోతే అలాంటిచోట ‘రిసీవ్డ్’ బాగుంటుంది.