సి డ్రైవ్ కొట్టేస్తే డి డ్రైవ్ సేఫ్ అంటున్న ఆ ఫార్వర్డ్ గురించి

అపార్ట్‌మెంట్ గ్రూపులో అదే, చుట్టాల గ్రూపులో అదే, కాలేజీ బ్యాచ్ గ్రూపులోనూ అదే మెసేజ్. "విండోస్ అప్‌డేట్ ఫెయిలవుతోందా? షాపువాడికి డబ్బులు పొయ్యొద్దు, సి డ్రైవ్ ఫార్మాట్ చేసి కొత్తగా వేసుకోండి" అని మొదలై, కింద చిట్కాలు, ఆఖర్న పదిమందికి పంపమని ఆజ్ఞ. పంపినవాళ్లెవరూ చేసి చూసినట్టు లేరు. చేసినవాళ్లు మాత్రం నాకు ఫోన్ చేస్తున్నారు.

రాత్రి పన్నెండు దాటాక చేస్తే అప్‌డేట్ ఫెయిలవదట. సరే, మేలుకోండి. రిజిస్ట్రీ క్లీనర్ (విండోస్ లోపలి సెట్టింగుల పట్టికను శుభ్రం చేస్తామనే ప్రోగ్రామ్) వెయ్యాలట, అక్కర్లేదు. విండోస్ 10 కంప్యూటర్లు 2025 అక్టోబర్ 14 తర్వాత ఆన్ కావట. ఆరోజు ఆగింది మామూలు సపోర్టు, కంప్యూటర్ కాదు.

ఇక "ఫెయిలైందంటే విండోస్ పాడైనట్టే, ఫార్మాటే గతి" అన్న మాట. 2024 జనవరిలో విండోస్ 10కి వచ్చిన కేబీ 5034441 అనే అప్‌డేట్ గుర్తుందా? చివర 80070643 అని ఉన్న ఎర్రర్‌తో చాలామందికి పదేపదే ఫెయిలైంది. విండోస్‌కి ఏ రోగమూ లేదు. రికవరీ పార్టిషన్‌లో (రిపేరు కోసం డిస్క్‌లో విడిగా ఉంచిన భాగంలో) కావలసిన 250 ఎంబీ ఖాళీ లేదు, అంతే. అందుకే ముందు కోడ్ చదవాలి. చివర 80070070 ఉంటే డిస్క్‌లో జాగా చాలలేదని అర్థం, డౌన్‌లోడ్స్‌లో ఉన్న పాత పెళ్లి వీడియోలు తీసేస్తే పని అయిపోతుంది. కాకపోతే అప్‌డేట్ సర్వీసు ఆపి, విండోస్ ఫోల్డర్‌లోని సాఫ్ట్‌వేర్‌డిస్ట్రిబ్యూషన్ అనే ఫోల్డర్ పేరు మార్చాలి. కొత్తది అదే తయారుచేసుకుంటుంది. ఆ తర్వాత విండోస్ ఫైళ్లను బాగుచేసే రెండు కమాండ్లు, ముందు డిస్మ్‌తో రీస్టోర్‌హెల్త్, దాని వెనక ఎస్‌ఎఫ్‌సీ స్కాన్, ఈ వరసలోనే. అదీ కుదరకపోతే మైక్రోసాఫ్ట్ సైటు నుంచి ఐఎస్ఓ (విండోస్ సెటప్ అంతా ఉన్న ఒకే ఫైలు) దించుకుని, విండోస్ నడుస్తుండగానే అందులోని సెటప్ తెరిచి, ఫైళ్లూ యాప్‌లూ రెండూ ఉంచమని ఎంచుకోవచ్చు. పైన విండోస్ కొత్తదవుతుంది, మీ సామాను ఎక్కడిదక్కడే ఉంటుంది. ఇవన్నీ అయ్యాక కదా ఫార్మాట్ మాట!

అసలు నాకు మండేది మూడో పాయింటుతో. "సి డ్రైవ్ ఒక్కటే ఫార్మాట్ అవుతుంది, డి డ్రైవ్‌లో ఉన్నవి సేఫ్, బ్యాకప్ అక్కర్లేదు" అని రాశాడు మహానుభావుడు.

మొదటిది, సెటప్ స్క్రీన్‌లో సి, డి అనే అక్షరాలే కనపడవు. డిస్క్ 0 పార్టిషన్ 1, 2, 3, 4 అని వరసగా ఉంటాయి, పక్కన సైజు. 512 జీబీ ఎస్‌ఎస్‌డీ అంటే చూపించేది 476. దాన్ని షాపువాళ్లు చెరిసగం చేసి ఇచ్చి ఉంటే, 238కి కాస్త అటూ ఇటూగా రెండు వరసలు కవలపిల్లల్లా కనిపిస్తాయి. టెన్షన్‌లో ఏది డిలీట్ కొడతారో మీ ఇష్టం.

రెండోది ఇంకా ఘోరం. విండోస్ 11 ల్యాప్‌టాప్‌లలో మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో లాగిన్ అయితే చాలాసార్లు డివైస్ ఎన్‌క్రిప్షన్ తనంతట తానే ఆన్ అయి ఉంటుంది, 24హెచ్2 అనే వెర్షన్ వచ్చాక మరీను. అది సి తోపాటు లోపలున్న డి ని కూడా తాళం వేస్తుంది. సి కొట్టేసి కొత్త విండోస్ వేశాక డి మీద తాళం బొమ్మ కనిపిస్తుంది, నొక్కితే 48 అంకెల రికవరీ కీ అడుగుతుంది. ఆ కీ ఏ అకౌంట్‌తో సెటప్ చేశారో అందులో ఉంటుంది. కొన్నరోజు షాపు కుర్రాడు తన మెయిల్ ఐడీతో లాగిన్ చేసి ఇచ్చి ఉంటే? వెతకండి ఆ కుర్రాణ్ణి. కీ దొరక్కపోతే పాప మొదటి పుట్టినరోజు ఫొటోలు "సేఫ్"గానే ఉంటాయి, మీకు కూడా అందనంత సేఫ్‌గా.

పైగా మీ సామానంతా డి లోనే ఉందని ఎవరు చెప్పారు? డెస్క్‌టాప్, డాక్యుమెంట్స్ సి లోనే. లెక్కల సాఫ్ట్‌వేర్ ట్యాలీ ప్రైమ్ డేటా మీరు మార్చకపోతే సి లోనే, యూజర్స్ కింద పబ్లిక్ ఫోల్డర్‌లో. డీటీపీ చేసేవాళ్లయితే అను ఫాంట్లూ, వాటి కీబోర్డు సెట్టింగులూ సి లోనే. ఫార్మాట్‌కి ముందు సెట్టింగ్స్‌లో ప్రైవసీ అండ్ సెక్యూరిటీ తెరిచి ఎన్‌క్రిప్షన్ ఉందో లేదో చూసి, కీ కాగితం మీద రాసుకుని, బయటి హార్డ్‌డిస్క్‌లోకి కాపీ చేసి, ఆ ఫైళ్లు ఇంకో కంప్యూటర్‌లో తెరిచి చూసుకోండి.

లైసెన్స్ పోతుందట, అందుకని విండోస్‌ని టెలిగ్రామ్‌లో యాక్టివేటర్‌తో (లైసెన్స్ లేకుండా నడిపించే దొంగ ప్రోగ్రామ్‌తో) కలిపి దించుకోవాలట. ల్యాప్‌టాప్‌తో వచ్చిన విండోస్ 10, 11 లైసెన్స్ మదర్‌బోర్డుకి ముడిపడి ఉంటుంది. అదే ఎడిషన్ వేసి, కీ లేదని నొక్కి ముందుకెళ్తే, నెట్ తగలగానే యాక్టివేట్ అవుతుంది. హోమ్ ఉన్నచోట ప్రో వేస్తే మాత్రం కాదు. మైక్రోసాఫ్ట్ ఊరికే ఇచ్చే ఫైలు కోసం ముక్కూ మొహం తెలియనివాడు చెప్పాడని యాంటీవైరస్ ఆపేసి, ఆ కంప్యూటర్‌లోనే నెట్ బ్యాంకింగ్ చేస్తారన్నమాట. శుభం. పనికొచ్చేది 8 జీబీ పెన్‌డ్రైవ్, విండోస్‌ని అందులోకి ఎక్కించే మైక్రోసాఫ్ట్ వారి మీడియా క్రియేషన్ టూల్. పెన్‌డ్రైవ్‌లో ఉన్నవన్నీ పోతాయి, ముందే తీసుకోండి.

"తర్వాత అప్‌డేట్లు శాశ్వతంగా ఆపేయండి, 2024 జులైలో విమానాలు ఆగింది వాటివల్లే." కాదు. జులై 19న కంప్యూటర్లు ఆగిపోయింది క్రౌడ్‌స్ట్రైక్ అనే సెక్యూరిటీ కంపెనీ పంపిన ఫైలు వల్ల. మీ ఇంటి ల్యాప్‌టాప్‌లో అదెక్కడిది? అప్‌డేట్లు వేసుకోకపోతే ఏమవుతుందో 2017 మేలో వాన్నాక్రై అనే, ఫైళ్లకు తాళం వేసి డబ్బులడిగే వైరస్ చూపించింది. దానికి మందు, అంటే అప్‌డేట్, మార్చిలోనే వచ్చింది. వేసుకోనివాళ్లు దొరికిపోయారు, ఆంధ్రప్రదేశ్ పోలీసు కంప్యూటర్లు కొన్నిటితో సహా.

అయితే ఒక్కటి ఒప్పుకోవాలి. వచ్చిన రోజే వెయ్యొద్దన్న మాట నూటికి నూరుపాళ్లు నిజం. 2018 అక్టోబర్‌లో వచ్చిన 1809 అనే వెర్షన్ కొందరి ఫైళ్లు చెరిపేసి, వెనక్కి పోయి నవంబర్‌లో మళ్లీ వచ్చింది. 2025 అక్టోబర్ అప్‌డేట్ పడ్డాక రికవరీ స్క్రీన్‌లో యూఎస్‌బీ కీబోర్డు, మౌస్ పనిచెయ్యలేదు, సరిగ్గా అవి కావలసిన చోట. ఓ వారం పాజ్ చేసుకోండి, తప్పులేదు. పాజ్ వేరు, శాశ్వతంగా ఆపడం వేరు.

ఆఖరి పాయింటు, సెటప్‌లో డ్రైవ్ కనిపించకపోతే ఎస్‌ఎస్‌డీ చచ్చినట్టేనట. ఇంటెల్ 11వ తరం ప్రాసెసర్, ఆ తర్వాతివి ఉన్న ల్యాప్‌టాప్‌లు చాలావాటిలో స్టోరేజ్ డ్రైవర్ (ఎస్‌ఎస్‌డీని సెటప్‌కి చూపించే సాఫ్ట్‌వేర్) లేక కనపడదు. తయారీదారు సైటు నుంచి ఇంటెల్ ఆర్‌ఎస్‌టీ డ్రైవర్ దించి, విప్పి అదే పెన్‌డ్రైవ్‌లో పెట్టుకుని, లోడ్ డ్రైవర్ నొక్కితే వస్తుంది. ఈ మెసేజ్ నమ్మి కొత్త ఎస్‌ఎస్‌డీ ఆర్డర్ పెట్టినవాళ్లు సీలు విప్పకుండా రిటర్న్ చేసుకోండి.